అవ్వ పెట్టిన కంటి పరీక్ష

పోయిన వారం కారు లైసెన్సు రెన్యువల్ కోసం ఆత్మకూరులో ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన సెల్‌ఫోను లోంచి తల ఎత్తకుండానే నా చూపు భేషుగ్గా ఉందని సంతకం పెట్టేశాడు. ఆ గదిలో అక్షరాల పటం ఎక్కడుందో నాకు కనిపించలేదు గానీ, అంత నమ్మకంగా రాస్తున్న మనిషికి అడ్డు చెప్పడం మర్యాద కాదనుకుని బయటికొచ్చాను. మెట్లు తడుముకుంటూ దిగుతుంటే మా నాయన గుర్తొచ్చాడు.

డెబ్బయ్యో దశకం చివర్లో నాయన, చిన్నాయన ఇద్దరూ ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు తిరిగే ప్రైవేటు బస్సుల డ్రైవర్లు. నేను ఆత్మకూరులో గుమాస్తాగా కొత్తగా చేరి రోజూ నాయన బస్సులోనే వెళ్ళేవాణ్ణి. అప్పటికే ఆయన కళ్ళకు పొర కమ్మింది. దారిలో నల్లగా ఏది కనబడినా హారన్ కొట్టేవాడు. లేస్తే గేదె, లేవకపోతే రాయి.

ఇంతలో కలువాయి దారిలో ఎవరిదో బస్సు కాలవలో దిగబడేసరికి మా ఓనరుకు భయం పట్టుకుని, యాభై అయిదు దాటినవాళ్ళు స్టీరింగు వదలాల్సిందేనని, తక్కినవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్టు తేవాలని హుకుం జారీ చేశాడు. చిన్నాయన కుర్రతనంలో హెవీ లైసెన్సు కోసం తొందరపడి వయసు ఎక్కువ చెప్పుకున్నవాడు కనుక, కాగితం మీద నాయనకే అన్న, యాభై అయిదు దాటినవాడు. చూపున్న చిన్నాయన ఇంటికి పోయాడు. నాయనకు మాత్రం డాక్టరు గుండె విని, నాలుక చూసి, కళ్ళు దేవుడికి వదిలేసి సర్టిఫికెట్టు ఇచ్చాడు.

ఆనాటి నుంచి చిన్నాయన రోజూ బస్టాండులో నిలబడి, ఎక్కేవాళ్ళను ఒక్కొక్కరినే పలకరించేవాడు.

"మా అన్న బస్సు ఎక్కతా ఉండారా? ఇంట్లో చెప్పి వచ్చినారా?"

నాయన కిటికీలోంచి తల బయటపెట్టేవాడు. "కాగితం ప్రకారం నువ్వే పెద్దోడివి గదరా. పెద్దోడు ఇంట్లో కూర్చోవాల."

ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు క్షమాపణ గురించి చెబితే ఇద్దరూ తలలూపారు, అది ఎదుటివాడికి చెప్పిన మాట కనుక. ఇద్దరికీ కలిపి ఒకే లైసెన్సు ఇస్తే సరిపోతుందని నేనంటే, నాయన నాతోనూ మాటలు మానేసి, ఆ నెలంతా నాకు టికెట్టు కొట్టించాడు.

ఒకరోజు అనుమసముద్రంపేట దగ్గర, దర్గాకు వచ్చి తిరిగి వెళ్తూ బస్సు కోసం చేతులెత్తిన జనాన్ని నాయన తుమ్మచెట్లనుకున్నాడు. కండక్టరు కేకకు బ్రేకు పడింది. ఒక ముసలామె గంప చక్రం కింద నలిగింది. ముసలామె జానెడు అవతల ఉంది. దీని మీద నాకు ఇప్పటికీ జోకు తట్టలేదు.

మర్నాడు పొద్దున, వాళ్ళిద్దరినీ కన్న మా అవ్వ బియ్యం పోసిన చేటతో బస్టాండుకు వచ్చి, డ్రైవరు సీట్లో ఉన్న నాయన ఒళ్ళో పెట్టి, రాళ్ళు ఏరమంది, ఏరితే తనే ముందు సీట్లో కూర్చుని ఆత్మకూరు దాకా వస్తానంది. బస్సు నిండా జనం. నాయన వంగి వంగి చూసి, బియ్యం పారేసి రాళ్ళు ఉంచాడు. కింద నవ్వుతున్న చిన్నాయన నవ్వు ఆగిపోయింది.

"ఈ బియ్యం నువ్వే వండుకొని తిను అబ్బయా," అంది అవ్వ. "జనాన్ని మాత్రం ఎక్కించుకోబాక."

నాయన తాళంచెవి చేటలో వేసి దిగిపోయాడు. అలవాటు కొద్దీ చిన్నాయన దానికోసం చెయ్యి చాపితే, ఆయన వయసు దాటిపోయిందని కండక్టరు గుర్తు చేశాడు. ఓనరు వేరే డ్రైవరును పంపేదాకా జనం మా వంశాన్నంతా తిడుతూ కూర్చున్నారు.

ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒకే అరుగుకు చెరో చివర కూర్చుని, దారిన పోయే ప్రతి బస్సు గేరు చప్పుడుకూ మూతి విరిచేవాళ్ళు, ఒకరితో ఒకరు మాత్రం చచ్చేదాకా మాట్లాడలేదు.

పోయిన వారం ఆ సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, చేటలో కాసిని బియ్యం పోసి ఇమ్మని కోడలిని అడిగాను. ఇప్పటి ప్యాకెట్టు బియ్యంలో రాళ్ళెక్కడుంటాయి మామా, అని నవ్వింది. నిజమే. రాళ్ళూ లేవు, చేట పట్టుకుని బస్టాండు దాకా వచ్చే మనిషీ లేదు. కారు తాళంచెవి ఆమె చేతికే ఇచ్చాను.