మూడో సిలిండరు

లారీల షెడ్డు వెనకగదిలో ఉండే ఇంజను మేస్త్రీ నోరు విప్పించడం ఎవరి తరమూ కాదనేవారు. భార్య పోయి పదకొండేళ్లయింది. పిల్లలు లేరు. ఆయన చేత నాలుగు మాటలు పలికించగలిగినవాడు ఒక్కడే, పాత లారీ డ్రైవరు. ఇద్దరికీ అక్కచెల్లెళ్లు లేరు. అయినా ‘బావా’ అనే పిలుచుకునేవారు. రెండు మూడు నెలలకోసారి బండి ఏదో వంక పెట్టేది. డ్రైవరు వచ్చి, రెండు రోజులు ఆ గదిలోనే మేస్త్రీ పళ్లెం పక్కన పళ్లెం పెట్టుకు తిని, అక్కడే పడుకుని, లోకంలోని కబుర్లన్నీ అక్కడ దులిపి వెళ్లేవాడు.

ఈసారి బండి దగ్గుతూ వచ్చింది. పొద్దున్నే ఓ పట్టాన స్టార్టు కావడం లేదనీ, ఎత్తు ఎక్కాలంటే ప్రాణం మీదికొస్తోందనీ డ్రైవరు చెప్పాడు. అప్పటికే అది ఎనిమిది లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి.

మేస్త్రీ ఇంజను నడుస్తుండగానే డీజిలు గొట్టాల నట్లు ఒక్కొక్కటే వదులు చేస్తూ వచ్చాడు. ఏ సిలిండరుకు డీజిలు ఆపినా ఇంజను తూలింది. మూడోదానికి ఆపితే మాత్రం దానికి చీమ కుట్టినట్టయినా లేదు. అంటే అది ముందునుంచే పనిచేయడం లేదు. గేజి పెడితే మిగతావాటిలో సగం ఒత్తిడే చూపించింది. పిస్టను చుట్టూ ఉండే రింగులు అరిగాయేమోనని అందులో కాస్త ఇంజనాయిలు పోసి మళ్లీ చూశాడు. తప్పు రింగులదే అయితే ఆ ఆయిలు సందులు పూడ్చి, గేజి ముల్లు పైకి లేవాలి. లేవలేదు. ఇక మిగిలింది వాల్వులే.

మధ్యాహ్నానికి ఇంజను మీద మూతలా ఉండే హెడ్డు విప్పాడు. మూడో సిలిండరులో పొగ వదిలే ఎగ్జాస్టు వాల్వు అంచు కత్తివాదరలా పలచబడి, ఒకపక్క కాలిపోయి ఉంది. అది కూర్చునే సీటు గుంతపడింది. పక్కనే హెడ్డు మీద వెంట్రుకంత బీట.

“ఆ వాల్వునే నూరి బిగించెయ్ బావా,” అన్నాడు డ్రైవరు మెల్లగా. “ఇంకో ఆర్నెల్లు లాగిస్తాను. హెడ్డు పోయిందని తెలిస్తే ఓనరు బండిని తుక్కుకి పంపించేస్తాడు.”

ఆ సంగతి మేస్త్రీకి తెలియనిది కాదు. బండి పోతే ఈ మనిషీ రాడు. వాల్వుని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. నూరి బిగిస్తే ఆర్నెల్లు కాకపోయినా రెండు నెలలు నడుస్తుంది. ఇంకొక్కసారి వస్తాడు.

“కొండ దిగేటప్పుడు ఇది విరిగి లోపల పడితే ఇంజను పట్టేస్తుంది. బ్రేకులకి గాలి కూడా అందదు,” అన్నాడు చివరికి. “నేను బిగించను బావా.”

ఓనరుకి ఫోనులో ఉన్నదున్నట్టు చెప్పాడు. మూడోరోజు ఇంకో లారీ వచ్చి బండిని ఈడ్చుకుపోయింది. డ్రైవరు అందులోనే ఎక్కి వెళ్లాడు. 

నెల తర్వాత ఫోను చేశాడు. దూరాన ఏదో ఊళ్లో స్కూలు బస్సు నడుపుతున్నాడట. “ఏదో టిక్కుటిక్కుమంటోంది, ఓసారి విను బావా,” అంటూ ఫోనుని ఇంజను దగ్గర పెట్టాడు.

మేస్త్రీ కళ్లు మూసుకుని విన్నాడు. వాల్వులని కదిలించే టాపెట్లు కాస్త వదులయ్యాయి, అంతే. అక్కడివాళ్లే ఎవరైనా గంటలో సరిచేస్తారని చెప్పాడు. ఇక్కడికి తీసుకురమ్మనడానికి ఆ బస్సుకి అంత జబ్బు లేదు.

డ్రైవరు సరేనని పెట్టేశాడు. మేస్త్రీకి పొద్దుటినుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చింది. చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లి, ఉన్న రెండు పళ్లేల్లో ఒకటే తీసుకున్నాడు.