ఆరో పొలం

ఈ ఉదయం కోరుట్ల దగ్గరి కల్లంలో ఉన్నవి: పసుపు ఉడుకుతున్న డ్రమ్ము, ఒక కాటా, రైతు రాజన్న, దిగుబడి రాసుకోవడానికి వచ్చిన నేను. మూత తీయగానే మట్టివాసన కలిసిన ఆవిరి ముఖానికి కొట్టింది. ఆ వాసన వస్తే నాకు సరళ మేడం గొంతు వినిపిస్తుంది.

జగిత్యాలలో నా పరిశోధనకు ఆమె గైడు. సిరిసిల్లలో మరమగ్గాల పక్కింట్లో పెరిగారు. ఆ చప్పుడును మించి మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైంది. ల్యాబులో ఆమె చెప్పే రహస్యం వరండా చివరి ప్యూనుకూ వినిపించేది.

పసుపులో దుంపకుళ్లును ఆపే మందును మేం ఆరు పొలాల్లో పరీక్షించాం. ఐదింటిలో పనిచేసింది. ఆరోది ఈ కోరుట్ల వైపున్న ఇబ్రహీంపట్నంలో. అక్కడ వాననీరు నిలిచి, మందు వేసిన సాళ్లూ వేయని సాళ్లూ ఒకేలా కుళ్లాయి. ఆ ఏడాది వ్యాసం అచ్చయితే నాకు డాక్టరేటు, ఆమెకు ప్రొఫెసర్ హోదా. మా విభాగాధిపతి ల్యాబుకు వచ్చి మెల్లగా అన్నారు: "గా ఆరోది తీసెయ్యుండ్రి మేడం. నీళ్లు నిలిచినయ్ గదా, లెక్కల రాదు."

ఆమె నా వైపు తిరిగారు. "తమ్మీ, గా నీళ్లల్ల గూడ పంట మంచిగచ్చి ఉంటే తీసేస్తుంటివా?"

"లేదు మేడం. మొదటి పేజీలనే పెడుతుంటి."

"మరింకేంది! సార్, నీళ్లు నిలిస్తే మందు పనిచెయ్యదని మనకు తెలిసింది. రైతుకు తెల్వద్దా?"

"జర మెల్లగ మాట్లాడుండ్రి. మీ ప్రమోషన్ గురించే చెప్తున్న."

"నాకు మెల్లగ రాదు సార్. మగ్గాల కాడ పుట్టిన."

ఆరు పొలాలూ పెట్టి పంపితే, ఫలితాల్లో స్పష్టత లేదంటూ పరిశోధన పత్రిక వ్యాసాన్ని తిప్పి పంపింది. ప్రమోషన్ ఇంకొకరికి వెళ్లిన సాయంత్రం ఆమె బస్టాండు దగ్గర నాకు మిర్చి బజ్జీలు ఇప్పించారు. "కోపం రాలేదా మేడం?" అన్నాను. "ఎందుకు రాదు? మస్తు అచ్చింది. తిను, సల్లారుతయ్." తర్వాత ఒక చిన్న పత్రికలో ఆరు పొలాలతోనే వ్యాసం అచ్చయింది. నా డాక్టరేటు ఆలస్యమైంది, అంతే. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇది: ఆ గదిలో ఎవరూ అంకెలు మార్చమనలేదు. నచ్చని ఫలితానికి మాత్రం కారణం వెతికారు. నచ్చిన ఫలితానికి ఎవరూ వెతకరు. అచ్చయిన పేజీని బట్టి హోదా దక్కినంత కాలం కత్తెర నచ్చని ఫలితం వైపే కోస్తుంది.

కాటా మీద అంకె చూసి రాజన్న ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నా పొలం రాయకు సారూ. తక్కువచ్చింది, ఇజ్జత్ పోతది."

"ఎక్కువస్తే రాయొద్దంటుంటివా అన్నా?"

"అట్లెట్ల? ఊరంత చెప్పుకుంటుంటి!" అని తనే నవ్వాడు.

రాశాను. ఈ ఏడాది పరీక్షించిన పొలాలు తొమ్మిది. పట్టికలో తొమ్మిది.