నీళ్ళ కౌంటర్లో మా వెన్నునీరు

విశాఖపట్నంలో రేవు ఉంది, ఉక్కు ఉంది, ఓడలకి ఓడలు చమురు దిగుతుంది. పిల్లల మెదడు పొరకి ఏ వైరస్ పట్టిందో చెప్పే లాబ్ మాత్రం మాకు అందుబాటులో లేదు. అందుకే, రెండువేల దశకం మొదట్లో ఒకసారి, హైదరాబాద్ బయల్దేరాను.

మల్కాపురంలో ఒకే వీధి పిల్లలు జ్వరం, తలనొప్పి, మెడ వంచలేని బాధతో మా ఆస్పత్రిలో చేరుతున్నారు. బాక్టీరియా కాదని మా లాబ్‌లో నేనే తేల్చాను. మరేమిటో తెలిస్తేగాని మిగతా పిల్లల్ని కాపాడే దారి లేదు. వాళ్ళ వెన్నులోంచి తీసిన నీరు హైదరాబాద్ లాబ్‌కి చల్లగా చేరాలి. కూతురు నూకరత్నం కూడా అదే జ్వరంతో మా వార్డులో ఉన్న అప్పన్న, చేపలరేవు నుంచి థర్మాకోల్ పెట్టెలో ఐసు తెచ్చాడు. "నానూ వత్తాను బాబూ. ఐసు ఎప్పుడు మార్సాలో మీకేటి తెలుస్తాది" అన్నాడు.

సాయంత్రం రైలెక్కాం. అనకాపల్లి రాకముందే ఎదుటి బెర్తు ఆయన ముక్కు మూసుకున్నాడు.

"ఏటి బావా, సేపలా?"

"కాదు బావా, పిల్లల యెన్ను నీరు."

ఆయన కాళ్ళు బెర్తు మీదికి లాక్కున్నాడు. తునిలో నేను ఇడ్లీలకి దిగాను. అప్పన్నకి కునుకు పట్టింది. తిరిగొచ్చేసరికి ఎవరో మహానుభావులు మా ఐసులో కూల్‌డ్రింకు సీసాలు గుచ్చారు. ఒళ్ళు మండిపోయింది. సీసాలన్నీ బయటపెట్టి, పెట్టెలో ఏముందో బోగీకంతా వినిపించేలా చెప్పాను. వాటిని ఒక్కరూ తాగలేదు.

ఉదయం సికింద్రాబాద్‌లో దిగి ఆటోలో లాబ్‌కి చేరాం. నేను ఎస్టీడీ బూత్ నుంచి మా డాక్టరుగారికి ఫోన్ చేస్తుండగా అప్పన్న ముందు నడిచి, "వైజాగు నుంచి నీరు అట్టుకొచ్చినామండి" అన్నాడట. వాచ్‌మన్ నీళ్ళ పరీక్షల కౌంటరు చూపించాడు. నేను వెళ్ళేసరికి మా పెట్టె బోరునీళ్ళ క్యాన్ల వరసలో, 'తాగునీరు' అన్న చీటీ అంటించుకుని కూర్చుంది. గుమాస్తా మీద విరుచుకుపడ్డాను.

"నీళ్ళన్నారు, నీళ్ళలో పెట్టాం" అన్నాడాయన తలెత్తకుండా.

వైరస్ విభాగంలో మేడమ్ సీసాలు తీసుకుని రేపు సాయంత్రం రమ్మంది. స్టేషన్ ఎదుట లాడ్జిలో ఆ రాత్రి దోమల పాలయ్యాం.

మరునాడు ఆవిడే చెప్పింది. "అన్నిట్లోనూ ఒకటే, పేగుల్లో పెరిగే వైరస్. చేరిన పిల్లలు చాలావరకు కోలుకుంటారు, భయపడకండి. కాని ఇది మురుగు కలిసిన నీళ్ళతో పాకగలదు. మీ వీధి కుళాయి నీళ్ళు తేలేదా?"

అప్పన్న నావైపు చూశాడు. "కుళాయి నీళ్ళిచ్చేది నిన్న నానిచ్చిన కౌంటర్లోనే కదా బాబూ."

తిరుగు రైల్లో ఇద్దరికీ అదే ఆలోచన. కుళాయి పైపు మురుగుకాలవలోంచే వస్తోందని ఆ వీధి ఆడవాళ్ళు ఎన్నిసార్లు మొత్తుకున్నారో, 'నీళ్ళలో మందు కలుపుతున్నాం, పొండి' అని కార్పొరేషన్‌వాళ్ళు ఎన్నిసార్లు తరిమారో అప్పన్న చెప్తూ వచ్చాడు. పైపులో ఏం పారుతోందో అడగడానికి పిల్లల వెన్నులో సూదులు గుచ్చాల్సి వచ్చింది. ఈ ప్రయాణం నాకు మిగిల్చింది ఆ కోపమే.

దువ్వాడ దగ్గర తెల్లవారింది. ఖాళీ పెట్టె మీద 'తాగునీరు' చీటీ ఇంకా అలాగే ఉంది. పీకబోయాను.

"ఉండనియ్యండి బాబూ" అన్నాడు అప్పన్న. "మల్లా అదే కావాల కదా."