అడుగున చిల్లు లేని తొట్లు

మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ ఒక మాట నడుస్తోంది. వాచ్‌మన్ భార్య మొక్కలు పెంచిన డబ్బాల్లో దోమలు పుట్టి, రెండో అంతస్తు పాపకు డెంగీ వచ్చిందని. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధమని నాకు రెండు వారాల్లోనే తెలిసింది. ఏడేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ సంగతి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు ఫ్లాటు కొన్నాం. మూడో అంతస్తు. బాల్కనీ పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మా ఆవిడ అక్కడ రెండు దండేలు కట్టి బట్టలు ఆరేద్దామనుకుంది. ఒక మూల తులసి, ఒక మూల కరివేపాకు చాలంది. నేను అప్పటికే ఫోన్‌లో చిన్న బాల్కనీల అలంకారం వీడియోలకు అలవాటు పడి ఉన్నాను. ఆఫీసులో ఫైలు మీద ఫైలు పెట్టుకుని, కింద ఫోన్‌లో ఎవరిదో బాల్కనీ చూస్తూ ఉండేవాణ్ణి.

ఆరు నెలల్లో మా బాల్కనీని ఆ వీడియోల్లాగే చేశాను. నేల మీద ప్లాస్టిక్ గడ్డి చాప. గోడకు నల్ల ఇనుప స్టాండ్లు. పైనుంచి అల్లిన తాళ్లతో వేలాడే తొట్లు, మినుకుమినుకుమనే దీపాల దండ, నోట్లోంచి కాదుగానీ మెడ కిందనుంచి నీళ్లు కారే బుద్ధుడి తల. అన్నిటికన్నా గొప్పవి ఆ బూడిద రంగు ఫైబర్ తొట్లు, తొమ్మిది. మెరుపు లేని నున్నటి రంగు. వాటిని తలచుకుంటే ఇప్పుడు నాలుకకు జిగురు అంటినట్టుంటుంది.

తొట్లకు అడుగున చిల్లు లేదు. అమ్మినతను అదే గొప్పగా చెప్పాడు. "హోల్ పెడితే లుక్కు పోతది సార్. మొక్కను మామూలు కుండీలనే ఉంచి దీంట్ల దింపున్రి. పైన తెల్ల గులకరాళ్లు పోస్తే సరి. నీళ్లు కనవడయి."

నీళ్లు కనబడవు అన్న మాటే నాకు నచ్చింది. మా బోరు నీళ్ల ఉప్పు ఏ తొట్టి మీదైనా తెల్లగా పేరుకుంటుంది. అందుకని తాగే నీళ్ల క్యానులోంచి మొక్కలకు పోసేవాణ్ణి. మా ఆవిడ దండేలు పడకగదిలోకి మార్చుకుంది.

కింద కాంపౌండు గోడ వెంబడి వాచ్‌మన్ భార్య డబ్బాలు ఉండేవి. వాళ్లది అచ్చంపేట వైపు. అపార్ట్‌మెంట్‌కు రంగులేసినప్పుడు మిగిలిన పెద్ద పెయింటు డబ్బాలు అవి. ఇనుప సలాకను పొయ్యిలో కాల్చి, ప్రతి డబ్బా అడుగున ఐదారు చిల్లులు పొడిచేది. ఇటుకల మీద ఎత్తి పెట్టేది. పుంటికూర, మెంతి, పుదీన, ఒక బచ్చలి తీగ, నాలుగు బంతి చెట్లు. నల్లా నీళ్లు పట్టుకునే డ్రమ్మును శుక్రవారం శుక్రవారం బోర్లించి, పీచుతో తోమి ఎండబెట్టేది. మా ఆడవాళ్లందరూ పైకి వెళ్తూ ఒక పిడికెడు పుదీన తెంపుకునేవాళ్లు. ఆమె వద్దనేది కాదు.

నాకు మాత్రం ఆ డబ్బాలంటే ఒళ్లు మండేది. బాల్కనీ ఫోటో ఏ వైపునుంచి తీసినా కింద ఒక మూల అవి పడేవి. ఒక పక్క బుద్ధుడి తల, ఇంకో పక్క పసుపు రంగు కారి గడ్డకట్టిన డబ్బాలో పుంటికూర. ఆ మూల కత్తిరించి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేవాణ్ణి. "రిసార్టు లెక్కున్నది సార్" అని రాసేవాళ్లు. ఆ ఒక్క ముక్క రోజంతా చదువుకునేవాణ్ణి.

ఒక వానాకాలం మేము రామన్నపేటలో పెళ్లికి నాలుగు రోజులు వెళ్లాం. మొక్కలకు నీళ్లు పోయమని ఆమెకు తాళం ఇచ్చాం. తిరిగి వచ్చినరోజు తాళం ఇస్తూ, గుమ్మంలో నిలబడి చెప్పింది.

"సారు, మీ తొట్లకు బొక్కల్లేవు. అడుగున నీళ్లు నిలిచి వాసనొస్తున్నది. కుండీ జర ఎత్తితే పురుగులు లుకలుకలాడుతున్నయి. మా ఇంట్ల సలాక ఉన్నది, కాల్చి పొడిచియ్యన్నా?"

"గవి డెకరేషన్ తొట్లమ్మా. నీ పెయింటు డబ్బాల లెక్క పొడువనీకి గాదు" అన్నాను.

"గట్లనా? దోమకు గది డెకరేషనని తెలుస్తదా సారు?"

మా ఆవిడ పకపకా నవ్వింది. ఆమె కూడా నవ్వి మెట్లు దిగి వెళ్లింది. నేను నవ్వలేదు. అప్పుడే గులకరాళ్లు తీసి చూడాల్సింది. చూడలేదు. ఒక వాచ్‌మన్ భార్య నా బాల్కనీకి వంక పెట్టింది, అంతే నాకు గుర్తున్నది.

పది రోజులకు రెండో అంతస్తు పాపకు జ్వరం వచ్చింది. మా బాల్కనీకి సరిగ్గా కింది బాల్కనీ వాళ్లది. డెంగీ అన్నారు. రక్తకణాలు పడిపోతున్నాయని, హైదరాబాద్ తీసుకుపోవాల్సి వస్తుందేమోనని వాళ్ల నాన్న దవాఖాన నుంచి ఫోన్లు చేసేవాడు. అపార్ట్‌మెంట్ మొత్తం భయపడింది. నేను సంఘం కార్యదర్శిని. పార్కింగులో మీటింగు పెట్టాను. పాప నాన్న రెండు రోజులుగా మార్చని చొక్కాతో వచ్చి, "దోమలు యాడికెల్లి వస్తున్నయో గది తేల్చున్రి ముందు" అన్నాడు.

నేను వేలెత్తి గోడ వైపు చూపించాను.

"గా డబ్బాలు చూస్తున్నరు గదా. తడి, బురద, చెత్త. ఎన్నిసార్లు చెప్పాలె?"

నిజానికి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆమె ముందుకొచ్చింది. "నా డబ్బాలల్ల నీళ్లు నిలువయి సారు. అడుగున బొక్కలున్నయి. ఎత్తి చూడున్రి." ఎవరూ ఎత్తలేదు. అప్పుడు నా మొహంలోకి చూసి అడిగింది. "సారు, మొన్న నేను మీకు చెప్పలేదా?"

"ఏం చెప్పినవమ్మా?" అన్నాను.

ఆ రెండు మాటలే నేను చేసిన పాపం. తక్కినవన్నీ వాటికి ముందూ వెనకా. మా ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. తల వంచుకుంది. వాచ్‌మన్ పెళ్లాం భుజం మీద చెయ్యేసి, "ఊకో, నడువు" అన్నాడు.

మర్నాడు మున్సిపాలిటీ చెత్త ట్రాక్టరు వచ్చింది. డబ్బాలు ఒక్కొక్కటే బోర్లించారు. మన్ను పొడిపొడిగా, నల్లగా పడింది. ఎర్రలు కదిలాయి. ఒక్క డబ్బాలోనూ చుక్క నీరు నిలిచి లేదు. బాల్కనీ రెయిలింగు పట్టుకుని అదంతా చూశాను. ఆమె వంగి పుంటికూర ఏరుకుని కొంగులో వేసుకుంటోంది. నేను ఫోన్ తీసి బాల్కనీ ఫోటో తీశాను. ఆ రోజు ఏ మూలా కత్తిరించాల్సిన పని లేకపోయింది.

రెండు వారాలకు వాసన భరించలేక తొట్లు తీశాను. పాప అప్పటికి కోలుకుని ఇంటికొచ్చింది. మొదటి తొట్టిలోంచి కుండీ పైకి లాగితే జిగురుగా సాగింది. కుళ్లిన గుడ్డు వాసన. అడుగున జానెడు నల్లటి నీళ్లు, వాటిలో తలకిందులుగా వేలాడుతూ వందల పురుగులు. వెలుతురు పడగానే అన్నీ ఒక్కసారి మెలికలు తిరిగి అడుగుకు దిగాయి. తొమ్మిది తొట్లలోనూ అదే. గడ్డి చాప ఎత్తితే కింద పాచి, పిల్లి ఉచ్చ, చచ్చిన బల్లి. ఇంతకాలం దాని మీద కూర్చుని టీ తాగాను. బుద్ధుడి తల మెడలో కూడా నాచు పట్టి, పురుగులు పుట్టాయి.

మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెనక నిలబడింది. "ఆమెను పిలిచి చెప్తవా?"

"ఇప్పుడేం చెప్పాలె?"

"ఏమున్నది? నోరు తెరిచి చెప్పుడే."

వాళ్లు అప్పటికింకా కింద గదిలోనే ఉన్నారు. ఇంకో పది రోజులున్నారు. వాళ్లను పనిలోంచి తీసేయాలని సంఘం రాసిన కాగితం మీద సంతకం నాదే. నేను తొట్లు బాత్రూంలో కడిగి, ఎండబెట్టి, గుడ్డతో తుడిచి మళ్లీ సర్దాను. అవును, మళ్లీ సర్దాను. ఈసారి ప్లాస్టిక్ మొక్కలు పెట్టాను.

పోయిన నెల రైతుబజారులో ఆమె కనబడింది. జుట్టు నెరిసింది. పుంటికూర కట్టలు బేరం చేస్తోంది. చేత్తో పెంచుకునే మనిషి కొనుక్కుంటోంది. నేను దగ్గరికి వెళ్లి, పలకరించడం చేతగాక, "పుంటికూర కొంటున్నవా?" అన్నాను.

నన్ను గుర్తుపట్టింది. "కొనక? ఇప్పుడున్న కాడ మొక్క పెట్టనియ్యరు సారు. మీ అపార్ట్‌మెంట్ కథ ఆళ్లకు ముందే ఎరుక. డెంగీ డబ్బాలామె అంటరు నన్ను."

ఊరికి అటు చివర ఇంకో అపార్ట్‌మెంట్‌లో మొగుడూ పెళ్లాలు ఉంటున్నారట. అక్కడే, కూరగాయల గంపల మధ్య, పురుగులు నా తొట్లలోనివేనని చెప్పాను. మీటింగులో అబద్ధమాడానని చెప్పాను. ఆమె కట్టలు సంచిలో సర్దుకుంటూనే విన్నది.

"నాకు చెప్తే ఏం ఫాయిదా సారు? నాకు గప్పుడే ఎరుక. మా అపార్ట్‌మెంట్ సారుకు చెప్పున్రి."

ముందు మా అపార్ట్‌మెంట్ వాళ్లకు చెప్పాను. పార్కింగులో, అదే చోట. "ఇప్పుడెందుకు సార్ గదంతా" అన్నారు ఒకరిద్దరు. పాప నాన్న కుర్చీ మడిచి గోడకు ఆనించి వెళ్లిపోయాడు. ఆ కుర్చీ చప్పుడు నాకు చాలు.

తరువాత ఆమె ఉండే అపార్ట్‌మెంట్ కార్యదర్శి ఇంటికి వెళ్లాను. నా వయసువాడే. బాల్కనీలో కూర్చోబెట్టాడు. కింద అదే గడ్డి చాప. గోడ వెంట అవే బూడిద రంగు తొట్లు. నేను మొత్తం చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"మీరొచ్చి చెప్పుడు మంచిగనే ఉన్నది సార్. గని గా పెయింటు డబ్బాలు చూడనీకి బాగుండయి గదా."

అది నా మాటే. ఏడేళ్ల కింద నా కడుపులో ఉన్నది అదే. దోమలు, పాప, జ్వరం అన్నీ ఆ మాట మీద నేను కప్పిన గులకరాళ్లు. లేచి వెళ్లి, అడగకుండానే, అతని తొట్టిలోంచి కుండీ పైకి లాగాను. గులకరాళ్లు గడ్డి చాప మీద దొర్లాయి. ఆ వాసన లేచింది. అతను ముక్కు మూసుకున్నాడు. లోపలినుంచి వాళ్లావిడ, "ఛీ, ఏందది?" అని అరిచింది.

"తొంగి చూడున్రి" అన్నాను. చూశాడు.

ఆ వారం ఆమెకు నాలుగు డబ్బాలు పెట్టుకోనిచ్చారు. జనరేటరు వెనక, ఎవరికీ కనబడని చోట.