జనరేటర్ భిక్షం, నైట్రో కారు

ఆ పెట్టె ఫిల్మ్‌నగర్‌లోని మా ఆఫీసులో పది రోజులు అలాగే పడి ఉంది. లోపల రెండు జానల ఎర్రకారు. రిమోట్‌తో నడుస్తుంది, కానీ బ్యాటరీ బొమ్మ కాదు. దాని కడుపులో నిజం ఇంజనే ఉంది, అది నైట్రో అనే ఇంధనం తాగుతుంది. మా నిర్మాత కమలాకర్ సింగపూర్ నుంచి తెచ్చాడు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, దాన్ని అమ్మి, జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టి, ఆ పైన సినిమా పిచ్చి పట్టినవాడు. రెండువేల ఐదులో అలాంటివాళ్లు వీధికి ఇద్దరు.

"రావుగారూ, శుక్రవారం పదకొండింటికి షాట్. ఈ కారు పరుగెత్తాలి. మేక్ ఇట్ హ్యాపెన్" అని భుజం తట్టి పోయాడు. త్రినాథరావు అనే నేను ప్రొడక్షన్ మేనేజర్ని. ఏనుగడిగితే ఏనుగు తెచ్చాను, వానడిగితే వాన కురిపించాను. ఆఖరికి ఈ బొమ్మ ముందు చేతులెత్తేసే గతి పట్టింది. ఒళ్లు మండిపోయింది. మండటానికి కూడా ఓపిక లేని వయసు వచ్చేసింది, అది వేరే సంగతి.

గురువారం సాయంత్రం నాలుగింటికి భిక్షాన్ని పిలిచాను.

భిక్షం మా జనరేటర్ ఆపరేటర్. యాభై ఆరేళ్లు. రహమత్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు, భార్య భూలక్ష్మి, ఓ ముసలి స్కూటర్. షూటింగులకు కరెంటిచ్చే లారీ పక్కన ఇరవై ఆరేళ్లుగా కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి. ఆ జనరేటర్ రోజుకు పన్నెండు గంటలు గర్జిస్తుంది. మా సినిమాల్లో మాటలన్నీ తర్వాత డబ్బింగ్‌లో చెప్పించుకుంటాం కనక లొకేషన్లో ఎంత గోలైనా అడిగే దిక్కులేదు. అంత రొదలో అరిచినా లాభం లేదని సైగలతోనే కానిస్తాం. పిడికిలి ఎత్తితే లైట్లు వెయ్యి, అరచెయ్యి దించితే ఆర్పెయ్యి. భిక్షం ఒక్క సైగ కూడా తప్పిన గుర్తు నాకు లేదు.

ఆఫీసు వెనక రాళ్లు ఏరేసి చదును చేసిన జాగాలో కారు పెట్టాను. "ఓ లీటరు పెట్రోలు తెప్పించనా?" అన్నాను.

కారుతో పాటు వచ్చిన డబ్బా మూత తీసి వాసన చూశాడు. స్పిరిటూ ఆముదమూ కలిసిన వాసన. "అయ్యో, పెట్రోల్ పోస్తే ఖతమే సార్. దీని తిండి దీనికుంది. జర ఆ బుక్కు సదువుండ్రి" అన్నాడు.

నేను ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుగులో చెబుతుంటే, ఆయన నా ముఖంలోకే చూస్తూ పని చేశాడు. నేను తల వంచుకుని చదివినప్పుడల్లా "ఇటు తిరిగి చెప్పుండ్రి సార్" అనేవాడు. ఏం మర్యాద అనుకున్నాను, వెధవని.

ట్యాంకు నింపాడు. పొగగొట్టానికి వేలు అడ్డం పెట్టి, తాడు రెండుసార్లు మెల్లగా లాగాడు. ఇంధనం సన్నగొట్టంలో పైకి పాకింది. ఇంజను నెత్తి మీది ప్లగ్గుకు చిన్న బ్యాటరీ తగిలించి, ఎర్రగా కాలనిచ్చి, మళ్లీ తాడు లాగాడు. ఐదోసారికి కారు తుమ్మింది. ఆరోసారికి లేచింది. నీలం పొగ! ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

మొదటి నాలుగైదు ట్యాంకులు నెమ్మదిగా, పొగ దండిగా వచ్చేలా నడపాలట, లేకపోతే ఇంజను పట్టేస్తుందట. "కొత్త లారీకి రన్నింగ్ ఇన్ అని రాసుకుంటరు గద సార్, గట్లనే. తొందరజేస్తే జిందగీ ఖరాబైతది" అన్నాడు. ట్యాంకు తర్వాత ట్యాంకు ఓపికగా నడిపాడు. తర్వాత ఇంధనం తగ్గించే స్క్రూ పట్టుకున్నాడు. పావు తిప్పు తిప్పడం, వేలితో ఓ నీళ్లచుక్క ఇంజను మీద వేయడం, అది ఎంతసేపటికి ఆవిరైపోతుందో చూడటం.

నాలుగోసారి తిప్పేసరికి ఇంజను గొంతు మారింది. సన్నగా, చెవుల్లో పిన్ను గుచ్చినట్టు కీచుమంది. పుస్తకంలో రాసిన ప్రమాదం అదే. "భిక్షం, ఆపు!" అన్నాను. ఆయన వీపు నావైపుంది. "భిక్షం! ఆపవయ్యా బాబూ!" గొంతు చించుకున్నాను. మూడు గజాల దూరంలో ఉన్నవాడు కదల్లేదు. చుక్క వేశాడు. అది చుయ్‌మని మాయమవగానే గబుక్కున స్క్రూ వెనక్కి తిప్పాడు. ఇంజను బతికింది. అప్పుడు ఇటు తిరిగి నా ముఖం చూశాడు.

"ఎన్నాళ్లయింది?" అన్నాను.

"నాలుగేండ్లు సార్. ఎడమది పూరా పోయింది. కుడిదాంట్ల జరంత గుయ్యిమంటది, గంతే." కారు ఆపి నేలమీద కూలబడ్డాడు. "సాబ్‌కు చెప్పకుండ్రి. గీ పని తప్ప నాకేమొస్తది?"

ఆయన కాళ్ల దగ్గరే కూర్చుని, ముఖంలో ముఖం పెట్టి చెప్పాను. "కమలాకర్ మంచివాడు. చదువుకున్నవాడు. తెలిసినా ఏమీ అనడు. భయపడకు." ఎందుకన్నానో ఆ మాట! ఓదార్చాలని అన్నాను.

శుక్రవారం కారు అద్భుతంగా ఉరికింది. జూబ్లీహిల్స్ బంగళా ముందు, వాలు రోడ్డు మీద, ఒక్క టేకులో షాట్ ఓకే. అందరూ చప్పట్లు. కమలాకర్ ఆనందం పట్టలేక భిక్షాన్ని కావలించుకుని, ఆయన ముఖంలోకి చూస్తూ, "సూపర్ భిక్షం! నాక్కూడా నేర్పు. ఏ సౌండ్ వచ్చినప్పుడు స్క్రూ ఆపాలి?" అన్నాడు.

భిక్షం పొంగిపోయి ఉన్నాడు. నావైపు ఓసారి చూసి నవ్వాడు. "సప్పుడు కాద్సార్, నీళ్లసుక్క సూడాలె. నాకు చెవులు వినరావు గద" అనేశాడు.

కమలాకర్ నవ్వు ఆగిపోయింది. పాపం, కోప్పడలేదు. భిక్షం భుజమ్మీద చెయ్యేసి, నావైపు తిరిగి, మెత్తగా మాట్లాడాడు. "రావుగారూ, హై వోల్టేజ్ దగ్గర వినపడని మనిషా? రేపేదైనా జరిగితే? సేఫ్టీ ఇష్యూ అండీ. మంచి డాక్టరుకి చూపించండి, నేను చూసుకుంటాను. కానీ సోమవారం నుంచి ఇంకొకర్ని పెట్టండి. ప్లీజ్." భిక్షం వైపు తిరిగి, "టేక్ కేర్" అని చెయ్యి కలిపి, కారెక్కి వెళ్లిపోయాడు. నేను ఒక్క ముక్క అడ్డం చెప్పలేదు. ఆయనన్నదాంట్లో తప్పు ఎక్కడుందో ఈ రోజుకీ నాకు దొరకలేదు.

భిక్షం, కమలాకర్ పట్టుకున్న తన చేతిని చూసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"మీరన్నట్టే మంచోడు సార్. అటు తిరిగి మాట్లాడె, సమజ్ కాలే. సాబ్ ఏమన్నడు?"

నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. "ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమన్నాడు."

నా పెదాలు చదివి తలూపాడు. నూనె గుడ్డతో కారు తుడుస్తూ, తల ఎత్తి అడిగాడు.

"ఇయ్యాల్టికేనా సార్?"