ఒకసారి మీ కళ్లజోడు ఇస్తారా?

ఎదుటివాళ్ల కళ్లజోడు పెట్టుకుని లోకాన్ని చూడటం బాబాయికి అలవాటు. పేకాటో చుట్టలో అయితే ఇంట్లోవాళ్లు ఎలాగోలా మాన్పించేవాళ్లు. దీనికి మందేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

దుకాణాలకు బోర్డులు రాయడం, సబ్బులకూ బిస్కట్లకూ పైకాగితం బొమ్మలు వేయడం ఆయన పని. సొంత చూపు నిక్షేపంలా ఉంది. అయినా బస్సెక్కితే చాలు, "ఒకసారి మీ కళ్లజోడు ఇస్తారా?" అని కండక్టరు వెంటపడతాడు. అది పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, "ఆహా! అంత పెద్ద చెప్పుల కొట్టు బోర్డూ ఎర్ర మరకైపోయింది!" అని మురిసిపోతాడు. ఒకసారి పక్కింటివాళ్లు ఆరేసుకున్న చొక్కాల్ని ఎవరిదో సోడాబుడ్డి కళ్లజోడులోంచి చూశాడు. రంగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి జారిపోయాయట. ఆ నెలలోనే అవి సబ్బు ప్రకటనై గోడలెక్కాయి.

"ఎందుకు బాబాయ్, నీకీ పిచ్చి?" అని అన్నకూతురు అడుగుతుంది.

"నేను రాసింది చదివేది నా కళ్లు కాదుగా అమ్మాయ్!"

ఆమె భౌతికశాస్త్రం చదువుకుంది. పైగా తొలిచూలు బిడ్డ తల్లి. అంచేత తన కళ్లజోడు ఆయన పెట్టుకుని తిరిగిచ్చిన ప్రతిసారీ స్పిరిట్‌తో తుడుస్తుంది. ఆ తుడుపు చూసి ఆయన ఏమీ అనుకోడు. "బాగా మెరుస్తోంది, ఇంకోసారి ఇయ్యి" అంటాడు.

ఆమె తన నాలుగేళ్ల పాపను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజు ఆయనా వెంట వెళ్లాడు. డాక్టరు కళ్లజోడే అడిగి పెట్టుకుని, గోడమీది అక్షరాల పట్టీ చూసి పెదవి విరిచాడు. "ఈ అక్షరాల మధ్య గాలాడటం లేదండీ. చదవలేకపోతే రోగుల తప్పేముంది?"

డాక్టరు నవ్వాడు గానీ తల్లికి చెప్పింది నవ్వే మాట కాదు. పాప రోజంతా కళ్లజోడు పెట్టుకోవాలి. లేకపోతే ఎడమ కన్ను చూడటమే మానేస్తుంది.

పాప ససేమిరా అంది. కళ్లజోడు చెప్పులో దొరికింది, పప్పు డబ్బాలో దొరికింది. తల్లి కన్ను బొమ్మ గీసి, వెలుగు ఎటు వంగుతుందో బాణం గుర్తులతో వివరించింది. అంతా విని పాప, "ఈ ఉల్లిపాయ బాగుందమ్మా" అంది. తల్లికి అన్నం సహించడం మానేసింది.

ఆదివారం బాబాయి వచ్చి పాప ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మగారూ, ఒకసారి మీ కళ్లజోడు ఇస్తారా?"

"నువ్వే ఉంచేసుకో తాతా!"

ఆ బుల్లి కళ్లజోడు ముక్కు కొసన నిలబెట్టుకుని, కిటికీలోంచి ఎదురుగా ఉన్న దర్జీ కొట్టు బోర్డు చూశాడు. "ఓరి దీని దుంపతెగ! అక్షరంలో పిల్లి పడుకుందే!"

"ఏదీ? నాకేం కనబడట్లేదు."

"నీకెలా కనబడుతుంది? కళ్లజోడు నా దగ్గరుందిగా."

"అది నాది! ఇటియ్యి!"

పాప లాక్కుని పెట్టుకుంది. కిటికీ ఊచలకి ముక్కు ఆనించింది. "పిల్లే! తోక కూడా ఉంది!" అని అరిచి, కొంచెం కిందికి చూసి నోరు తెరిచింది. "అమ్మా, దర్జీ తాతకి మీసాలున్నాయే!"

ఆ తర్వాత కళ్లజోడు మళ్లీ పప్పు డబ్బా మొహం చూడలేదు.

కుట్టడానికిచ్చిన పాప గౌను తెచ్చుకోడానికి తల్లి దర్జీ కొట్టుకి వెళ్లింది.

"మీ బాబాయిగారు శనివారం పొద్దున్నే నిచ్చెనెక్కారమ్మా" అన్నాడు దర్జీ. "అక్షరం పొట్ట ఖాళీగా ఉందన్నారు. సరే అన్నాను. తీరా చూస్తే పిల్లి! ఇంత చిన్నది ఎవరికి కనబడుతుందండీ అంటే, కనబడాల్సినవాళ్లకి కనబడితే చాలన్నారు. రేపొచ్చి తోక రెండోవైపు తిప్పుతారట. పాపకి విసుగు పుట్టకూడదుగా!"

ఇంటికొచ్చేసరికి బాబాయి వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"బాబాయ్, ఆ బోర్డు మీద పిల్లి..."

"పిల్లా?" ఆయన అమాయకంగా తలెత్తాడు. "ఏదీ, ఒకసారి నీ కళ్లజోడు ఇయ్యి."

ఆమె తీసిచ్చింది. ఆయన తిరిగిచ్చాక, తుడవకుండానే పెట్టుకుంది.