రెండుసార్లు కనిపించిన పేరు

మా పెద్ద కోడలికి నోరు లేదు, వేళ్ళున్నాయి. ఆస్పత్రిలో రక్తపరీక్షల రిపోర్టులు దాచే కంప్యూటరుకు ఆమే కాపలా. పొద్దున్నే కూర్చోగానే డబ్ల్యూ అని ఒక్క అక్షరం కొడుతుంది. లోపల ఎవరెవరున్నారో, యంత్రం మీద ఎంత బరువుందో తెర మీద పడుతుంది. బరువుకు మూడు సగటు అంకెలు: నిమిషానిది, అయిదు నిమిషాలది, పావుగంటది. నాలుగు దాటితే యంత్రం రొప్పుతున్నట్టే.

ఆ సోమవారం హడావిడిలో పొద్దున డబ్ల్యూ కొట్టడం మరిచింది. పదింటికి రిపోర్టులు తెరుచుకోవడం మానేశాయి. డబ్ల్యూ కొట్టింది. మొదటి అంకె ముప్పై ఎనిమిది. కింద తన పేరు రెండుసార్లుంది. ఒకటి ఈ కుర్చీది, రెండోది పై గదిలో పాత కంప్యూటరుది. అక్కడ ఊరకే ఉన్న సమయం సున్నా. అంటే ఎవరో ఈ క్షణాన మీటలు నొక్కుతున్నారు.

తన పేరుతో దూరినవాడు ఎవరి రక్తం గ్రూపైనా మార్చేయగలడు. ఆపరేషన్ గదిలో ఒకావిడ రక్తం కోసం ఎదురుచూస్తోంది.

"పైన ఎవరున్నారు?" అని రక్తం తీసే సూదాయన్ని అడిగింది.

"ఎవరుంటారమ్మా, దయ్యాలా? తాళంచెవి మీ నడుముకే వేలాడుతోంది."

"ఆపరేషనుకు రక్తం ఆపమనండి. గ్రూపు మళ్ళీ చేత్తో చూడమనండి."

"ఎవరు చెప్పారంటే?"

"నా పేరే చెప్పండి."

మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. మూసిన తలుపు వెనక ఏదో ఆగకుండా కీచుమంటోంది. తాళం తీసింది.

గదిలో మనిషి లేడు. అల్మరా మీది ఫైళ్ళ కట్ట జారి కీబోర్డు మీద బోర్లా పడి, ఎంటర్ మీటను నొక్కిపట్టింది; కీచుమంటున్నది ఆ కంప్యూటరే. తెర మీద పాత రిపోర్టుల వెతుకులాట, మీట నొక్కి ఉన్నంతసేపూ ఒకదాని మీద ఒకటి కొత్తగా మొదలవుతోంది. శుక్రవారం దాన్ని తెరిచింది తనే. లాగవుట్ చేయకుండా, గదికి తాళం వేశాను కదా అనుకుని పోయింది. ఇంట్లోనూ అంతే, పొయ్యి మీద పాలు పెట్టి వంటింటి తలుపు మూసేస్తుంది.

కట్ట తీసి, లాగవుట్ చేసి, కిందికొచ్చి డబ్ల్యూ కొట్టింది. పేరు ఒక్కటే. మొదటి అంకె రెండుకు దిగింది. పావుగంటది ఇంకా ఇరవై అయిదు.

"గ్రూపు సరిగ్గానే ఉందట, రక్తం పంపారు. దొంగ దొరికాడా?" అన్నాడు సూదాయన.

"దొరికింది. నేనే."

"పెద్ద డాక్టరు గారు ఏమైందని అడుగుతున్నారు. తెలీదని చెప్పేయనా?"

"వద్దు, నేనే చెబుతాను," అని లేచింది. లోపలి భయం మాత్రం ఆ మూడో అంకెలాగే, దిగనా వద్దా అన్నట్టుంది.